పొరపాటున పొంగిన బ్రెడ్డు: వంటింటి తప్పుల్ని రెసిపీలుగా మార్చుకునే సమగ్ర మార్గదర్శి

మా ఇంట్లో దోసెల పిండి పులిసిపోయిందని ఎవరూ కంగారు పడరు. మొదటి రోజు ఇడ్లీ, రెండో రోజు దోసె, మూడో రోజు ఊతప్పం. ఇంకా పులుపెక్కితే కాస్త మైదా, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి పునుగులు. ఇంత ధీమాగా ఉండే మనమే బ్రెడ్డు దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ పడిపోతాం. ముద్ద కొంచెం జారైనా, పొంగడం కొంచెం ఎక్కువైనా చెత్తబుట్ట వైపు చూస్తాం.

విజయవాడలో ఒక మామూలు ఓటీజీతో, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌తో, ఆరేళ్ళుగా బ్రెడ్డు చేస్తున్నాను. ఇప్పుడు నేను ఇష్టంగా చేసే వాటిలో సగం మొదట పొరపాటుగా జరిగినవే. ఒకసారి మరిగే నీళ్ళు పోసేశాను. ఒకసారి ఉప్పు మర్చిపోయాను. ఒకసారి ముద్ద కలిపి నిద్రపోయాను. తర్వాత చదివితే తెలిసింది, వీటిలో చాలావాటికి ఇదివరకే పేర్లున్నాయని, ఎక్కడో ఎవరో వాటిని కావాలనే చేస్తున్నారని.

పొరపాటు కలిసొచ్చిందంటే మొదట అడగాల్సింది ఒకటే: ఏది మారింది? బ్రెడ్డులో మారడానికి ఉన్నవి తక్కువే. పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్, వేడి, సమయం. వీటిలో ఏది మారిందో పట్టుకుంటే అదే బ్రెడ్డు మళ్ళీ చేయగలం. పట్టుకోలేకపోతే ఆ రోజుకు తిని సంతోషించడమే.

ముందు ఒక మామూలు బ్రెడ్డు చేతికి అలవాటు కావాలి

తేడా తెలియాలంటే మామూలుగా ఎలా ఉంటుందో తెలియాలి. నా లెక్క ఇది: మైదా 500 గ్రాములు, నీళ్ళు 320, ఉప్పు 10, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5, చక్కెర 20, నూనె 20. అన్నీ కలిపి పది నిమిషాలు మర్దించాలి. రెట్టింపు అయ్యేదాకా మూత పెట్టి ఉంచాలి. గది వేడి 27, 28 డిగ్రీలు ఉంటే గంట, గంటంపావు పడుతుంది. గాలి తీసి, చుట్టి, తొమ్మిది అంగుళాల పొడవు, అయిదు అంగుళాల వెడల్పు ఉన్న టిన్నులో పెట్టాలి. అంచు కంటే అంగుళం పైకి లేచాక 200 డిగ్రీల వేడిలో 30 నుంచి 35 నిమిషాలు. లోపలి వేడి 93 డిగ్రీలు దాటితే ఉడికినట్టు.

కప్పులతో కొలవకండి. ఒకే కప్పులో పిండి అదిమి పోస్తే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు. వంటింటి డిజిటల్ స్కేల్ ఒకటి, గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఈ రెండూ లేకుండా చేసిన పొరపాటు మళ్ళీ దొరకదు.

లెక్క గుర్తుంచుకోవడానికి బేకరీ వాళ్ళు పిండిని వందగా తీసుకుని మిగతావి చెప్తారు. పై లెక్కలో నీళ్ళు 64 శాతం, ఉప్పు 2 శాతం, ఈస్ట్ 1 శాతం. ఇక ముందు నేను శాతం అన్నప్పుడల్లా పిండి బరువులో అని.

ఈ బ్రెడ్డు కనీసం అయిదారు సార్లు చేయండి. విసుగే, కానీ తప్పదు. ముద్ద ఎలా ఉండాలో వేళ్ళకు తెలిశాక, ఉప్పు వేయలేదన్న సంగతి మీకంటే ముందు మీ చెయ్యే చెప్తుంది.

తేడా కనిపించగానే పిండి డబ్బా మూత తీయకండి

ముద్ద అంటుకుంటోందని ఇంకో గుప్పెడు పిండి వేయడం, అది గట్టిపడిందని మళ్ళీ నీళ్ళు చల్లడం, అప్పుడు ఉప్పు చాలదేమోనని చిటికెడు వేయడం. ఇలా మూడుసార్లు సర్దితే ఏ లెక్కా మిగలదు. అందుకే తేడా అనిపించగానే గిన్నె మీద మూత పెట్టి పదిహేను నిమిషాలు పక్కకు వెళ్ళిపోండి. ఆ పావుగంటలో పిండి నీళ్ళు పీల్చుకుంటుంది, అంటుకునే ముద్దల్లో చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. ఈలోపు ఏం వేశారో, ఏం వేయలేదో, నీళ్ళు వేడిగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా, ఒక కాగితం మీద రాయండి.

మరిగే నీళ్ళు పడితే

దీని దగ్గర కాస్త ఆగి చెప్తాను, నాకు దొరికిన అన్నిటిలో ఇదే పెద్దది.

ఆ రోజు గిన్నెలోకి వంద గ్రాముల పిండి తూచాను. ఫోన్ మోగింది. మాట్లాడుతూనే గోరువెచ్చని నీళ్ళనుకుని పొయ్యి మీద మరుగుతున్న టీ నీళ్ళు తెచ్చి పోశాను. పిండి ఒక్కసారిగా జిగురు కట్టి, పోస్టర్లు అంటించే మైదా గంజిలా అయిపోయింది. పారేయబోతుంటే అమ్మ చూసి, "జొన్నరొట్టెకు ఎసరు పోసి కలపమా? చల్లారాక మిగతా పిండి కలిపి చూడు" అంది. చూశాను. ఆ బ్రెడ్డు మూడో రోజు కూడా దూదిలా ఉంది.

గోధుమ ముద్దకు సాగే పట్టునిచ్చే ప్రోటీన్ గ్లూటెన్. జొన్నపిండిలో అది ఉండదు, చన్నీళ్ళతో కలిపితే రొట్టె విరిగిపోతుంది. మరిగే నీళ్ళు పోస్తే పిండిలోని గంజి పదార్థం ఉబ్బి, జిగురుగా మారి రొట్టెను పట్టి ఉంచుతుంది. గోధుమలోనూ జరిగేది అదే. 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ఆ గంజి ఉబ్బడం మొదలై, మామూలుగా పీల్చే దానికంటే చాలా ఎక్కువ నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది. ఆ నీళ్ళు ఓవెన్‌లో కూడా పూర్తిగా పోవు. అందుకే బ్రెడ్డు మెత్తగా ఉంటుంది, త్వరగా ఎండదు. జపాన్‌లో దీన్ని యుదానె అంటారు. పిండిని నీళ్ళలో కలిపి పొయ్యి మీద ఉడికించే పద్ధతి తాంగ్‌జోంగ్. మెత్తటి మిల్క్ బ్రెడ్డుల వెనక కిటుకు ఇదే.

కావాలని చేయాలంటే ఇలా:

1. ముందు రోజు రాత్రి 100 గ్రాముల మైదా మీద సరిగ్గా 100 గ్రాముల మరిగే నీళ్ళు పోసి, గరిటెతో పొడిపిండి కనపడకుండా కలపండి. చెయ్యి పెట్టకండి, కాలుతుంది.
2. చల్లారాక మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. తొందరగా ఉంటే నాలుగు గంటలు చాలు.
3. మర్నాడు దాన్ని చిన్న ముక్కలుగా తుంచి 400 గ్రాముల మైదా, 240 గ్రాముల నీళ్ళు, 10 ఉప్పు, 5 ఈస్ట్, 30 చక్కెరతో కలపండి. మొదటి అయిదు నిమిషాలు గడ్డలు గడ్డలుగా ఉంటుంది. మర్దిస్తూ పోతే కలిసిపోతుంది.
4. చివర్లో 30 గ్రాముల వెన్న వేసి మళ్ళీ మర్దించండి. మిగతాదంతా మామూలే.

రెండు జాగ్రత్తలు. మొత్తం పిండిలో అయిదో వంతుకు మించి మరిగే నీళ్ళు చూపించకండి. వేడికి గ్లూటెన్ దెబ్బతింటుంది, అంతా ఉడికిపోతే పొంగడానికి పట్టు మిగలదు. ఆ గంజి గోరువెచ్చగా అయ్యేదాకా ఈస్ట్ దాని దగ్గరకు వెళ్ళకూడదు.

పొరపాటున అయిదు వందల గ్రాములకూ మరిగే నీళ్ళు పోసేస్తే? అందులోంచి 200 గ్రాముల ముద్ద తీసి పైన చెప్పినట్టు వాడుకోండి. మిగిలినదాన్ని పల్చగా ఒత్తి పెనం మీద నూనెతో కాల్చుకోండి. బ్రెడ్డు కాదు గానీ, పచ్చి మామిడికాయ పచ్చడితో మా ఇంట్లో ప్లేటు ఖాళీ.

ముద్ద కలిపి నిద్రపోతే

ఈస్ట్ డబ్బా అడుగున గోకితే పావు చెంచా వచ్చింది. సరే, కలుపుదాం, కొట్టుకు వెళ్ళి తెచ్చి మళ్ళీ వేద్దామనుకుని నీళ్ళూ పిండీ జారుగా కలిపాను. మర్దించనైనా లేదు. చుట్టాలొచ్చారు, ఆ సంగతే మర్చిపోయాను. పొద్దున గిన్నె నిండా బుడగలు. లాగితే దారాల్లా సాగింది.

అమెరికాలో ఇదొక పెద్ద సంచలనం అని తర్వాత తెలిసింది. న్యూయార్క్‌లోని సల్లివాన్ స్ట్రీట్ బేకరీ యజమాని జిమ్ లేహీ ఇలా మర్దించకుండా బ్రెడ్డు చేసే పద్ధతిని, 2006 నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో మార్క్ బిట్‌మన్ రాశారు. మూడు కప్పుల పిండికి పావు చెంచా ఈస్ట్, 12 నుంచి 18 గంటల సమయం, బాగా కాలిన మూతగిన్నె. అంతే. ఎన్నో ఇళ్ళలో మొదటి బ్రెడ్డు అదే.

మర్దించడం చేసే పని గ్లూటెన్ పోగుల్ని వరసలో పెట్టడం. నీళ్ళు ఎక్కువగా ఉండి, సమయం ఇస్తే ఆ పోగులు వాటంతట అవే కలుస్తాయి. లోపల పుట్టే బుడగలు ముద్దను నెమ్మదిగా కదుపుతూ ఉంటాయి. పనల్లా వాటిదే, మనం నిద్రపోవచ్చు.

మన వైపు లెక్క కాస్త మార్చుకోవాలి. న్యూయార్క్ గది 21 డిగ్రీలు, విజయవాడ గది 33. ఈస్ట్ వేగం ప్రతి ఎనిమిది, పది డిగ్రీలకు దాదాపు రెట్టింపు అవుతుంది. అక్కడి పద్దెనిమిది గంటలు ఇక్కడ ఆరేడు గంటలే. నేను చేసేది: మైదా 430 గ్రాములు, నీళ్ళు 315, ఉప్పు 8, ఈస్ట్ 1 గ్రాము. మన మైదా అక్కడి బ్రెడ్ పిండి అంత నీళ్ళు పట్టదు, అందుకే 73 శాతం దగ్గర ఆపుతాను. డిసెంబరు, జనవరిలో రాత్రి తొమ్మిదికి కలిపితే పొద్దున ఏడింటికి సిద్ధం. మే నెలలో రెండు గంటలు బయట, తర్వాత రాత్రంతా ఫ్రిజ్‌లో.

పొద్దున పొడిపిండి చల్లిన బల్ల మీదకు ఒంపి, నాలుగు వైపులా మడిచి, బటర్ పేపర్ మీద గుండ్రంగా పెట్టండి. అరగంట, నలభై నిమిషాలు. ఈలోపు ప్లాస్టిక్ పిడి లేని మందపాటి గిన్నెను మూతతో సహా ఓవెన్‌లో 230 డిగ్రీల దగ్గర అరగంట కాల్చండి. కాగితంతో సహా ముద్దను అందులో దించి, మూత పెట్టి 30 నిమిషాలు, తీసి 15 నిమిషాలు. మూత వల్ల ముద్దలోంచి వచ్చే ఆవిరి లోపలే ఉండి పైపొర త్వరగా గట్టిపడదు, బ్రెడ్డు బాగా లేస్తుంది. ఓటీజీ చిన్నదైతే గిన్నె పైకడ్డీకి తగులుతుందేమో చల్లగా ఉన్నప్పుడే పెట్టి చూసుకోండి. చేతికి మందపాటి గ్లౌజు తప్పనిసరి. నా ఎడమ మణికట్టు మీద ఇంకా మచ్చ ఉంది, ఆ పొరపాటు వల్ల ఏ రెసిపీ పుట్టలేదు.

ఉప్పు మర్చిపోతే

ఎప్పుడు గుర్తొచ్చింది అన్నదాన్ని బట్టి మూడు దారులు.

పిండీ నీళ్ళూ మాత్రమే కలిపి, ఉప్పూ ఈస్టూ రెండూ వేయడం మర్చిపోయారా? చాలా మంచి పని చేశారు. అరగంట అలాగే వదిలేయండి. ఫ్రెంచ్ బ్రెడ్డు మీద జీవితమంతా పనిచేసిన ప్రొఫెసర్ రేమాన్ కాల్వెల్ 1974లో ప్రతిపాదించిన ఆటోలీజ్ ఇదే. ఉప్పు అడ్డు లేకుండా పిండి నీళ్ళు పూర్తిగా పీల్చుకుంటుంది, పిండిలోని ఎంజైములు గ్లూటెన్‌ను కాస్త వదులు చేస్తాయి. ఆ తర్వాత ఈస్ట్, ఉప్పు వేసి మర్దిస్తే పది నిమిషాల పని నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. నేనిప్పుడు ప్రతిసారీ ఇలాగే చేస్తున్నాను.

ముద్ద పొంగాక గుర్తొచ్చిందా? ఉప్పు లేని ముద్ద చేతికి జావగా, పట్టు లేకుండా తగులుతుంది, మామూలు కంటే త్వరగా పొంగుతుంది. ఉప్పు గ్లూటెన్‌ను బిగిస్తుంది, ఈస్ట్‌ను అదుపులో పెడుతుంది. ఆ రెండూ లేవు కాబట్టే ఇలా. అనుమానం తీర్చుకోవడానికి పచ్చి ముద్ద నోట్లో వేసుకోకండి, పచ్చిపిండి తినదగ్గది కాదు. 10 గ్రాముల ఉప్పును 15 గ్రాముల నీళ్ళలో తడిపి, ముద్దను పరిచి పైన రాసి, వేళ్ళతో పిసకండి. మొదట ముక్కలుముక్కలుగా విడిపోతుంది, భయపడొద్దు. నాలుగైదు నిమిషాల్లో కలుస్తుంది, మామూలు కంటే గట్టిగా కూడా అవుతుంది. మళ్ళీ ఒక అరగంట పొంగనివ్వండి.

కాల్చాక తెలిసిందా? ఇటలీలోని టస్కనీలో తరతరాలుగా ఉప్పు లేని బ్రెడ్డే చేసుకుంటారు. పక్కన ఉప్పు దట్టించిన మాంసమో చీజో ఉంటుంది. మన ముద్దపప్పు లాంటిదే ఇదీ. చప్పగా ఉండటమే దాని పని, పక్కన ఆవకాయ ఉండాలి. ముక్కలు కోసి, నెయ్యి వేసి పెనం మీద కాల్చి, ఆవకాయ పిండి రాసుకుని తినండి.

నీళ్ళు ఎక్కువైతే

320 పోయాల్సింది 400 పోశారు. అంటే 80 శాతం. ముద్ద కాదు, చిక్కటి దోసెల పిండి. పిండి వేసి దీన్ని దారికి తేవాలంటే ఇంకో 125 గ్రాములు కావాలి. ఉప్పు, ఈస్ట్ లెక్కలూ దానితో మారిపోతాయి. వేయకండి. దీన్ని మర్దించలేం, మడవాలి.

వెడల్పాటి డబ్బాకు నూనె రాసి ముద్ద వేయండి. అరగంటకోసారి తడిచేత్తో ఒక అంచు పట్టుకుని పైకి సాగదీసి మధ్యకు మడవండి, డబ్బా తిప్పుతూ నాలుగు వైపులా. ఇలా మూడుసార్లు. మొదటిసారి చేతికి అంటుకుని చిరాకు తెప్పిస్తుంది. మూడోసారికి దిండులా లేచి కూర్చుంటుంది. పిండి చల్లిన బల్ల మీదకు గాలి పోకుండా ఒంపి, రెండు పొడవాటి ముక్కలుగా కోసి, ముట్టుకోకుండా 220 డిగ్రీల దగ్గర 22 నుంచి 25 నిమిషాలు కాల్చండి. పెద్ద పెద్ద బెజ్జాలతో వస్తుంది. ఇటలీలో 1982లో ఆర్నాల్డో కవల్లారి అనే మిల్లు యజమాని, అడ్రియా అనే ఊళ్ళో తయారుచేసి చియాబత్తా అని పేరు పెట్టిన బ్రెడ్డు ఈ బాపతుదే. ఆయనది పొరపాటు కాదు, నాది పొరపాటు. తినేటప్పుడు ఎవరూ అడగరు.

మే నెలలో పొంగి పడిపోయిన ముద్ద

మన ఎండలకు ఇదే ఎక్కువసార్లు జరిగే పొరపాటు. గంట అనుకుని వెళ్తాం, నలభై నిమిషాలకే రెట్టింపు దాటి, నడుమ గుంట పడి ఉంటుంది. కల్లు వాసన కూడా వస్తుంది. ఆ వాసన చూసి భయపడక్కర్లేదు. గోవాలో పాత పద్ధతి పావ్ ముద్దను కల్లుతోనే పొంగించేవారు.

వేలు తడిపి అర అంగుళం గుచ్చి చూడండి. గుంట నెమ్మదిగా సగం పూడితే సరైన సమయం. అసలు పూడకుండా, చుట్టూ ముద్ద కిందికి జారితే మీరిపోయింది.

మీరింది మొదటి పొంగులో అయితే నష్టం దాదాపు లేదు. గాలి తీసి, చుట్టి టిన్నులో పెట్టండి, రెండో పొంగు దగ్గర కాపలా కాయండి. టిన్నులో పెట్టాక మీరితే మాత్రం అలాగే ఓవెన్‌లోకి పంపొద్దు, లోపల కూలిపోతుంది. ఆ ముద్దను నూనె రాసిన ట్రేలోకి ఒంపి, వేళ్ళతో గుంటలు నొక్కేయండి. ఇలా ట్రేలో పరిచి కాల్చే ఇటలీ బ్రెడ్డు ఫొకాచాకు ఎలాగూ పెద్ద బుడగల్ని వేళ్ళతో నొక్కాల్సిందే, అవి కూలినా దిగుల్లేదు. పైన నూనె, దంచిన వెల్లుల్లి, చీరిన ఉల్లిపాయ, కరివేపాకు, రాళ్ళుప్పు. కరివేపాకును నూనెలో ముంచి వేయకపోతే మాడుతుంది. 220 డిగ్రీలు, 20 నిమిషాలు. పులిసిన ముద్దలో చక్కెర తగ్గిపోయి ఉంటుంది కాబట్టి పైన రంగు తక్కువ వస్తుంది. నూనె ఆ లోటు కొంత తీరుస్తుంది.

మీరిన ముద్దలోంచి ఒక వంద గ్రాములు తీసి మూతడబ్బాలో ఫ్రిజ్‌లో దాచండి. రెండు రోజుల్లోపు చేసే కొత్త ముద్దలో కలపండి. ఫ్రాన్స్ బేకరీల్లో దీన్ని పాత్ ఫెర్మాంతే అంటారు, పులిసిన ముద్ద అని. మనం కొత్త దోసెల పిండిలో పాతది గరిటెడు కలిపినట్టే. రుచి ఒక్కసారిగా బేకరీ బ్రెడ్డుకు దగ్గరవుతుంది.

వచ్చే మేలో అసలు మీరకుండా ఉండాలంటే నీళ్ళు ఫ్రిజ్‌లోవి వాడండి, ఈస్ట్ సగానికి తగ్గించండి. కలిపాక ముద్ద లోపలి వేడి 26 డిగ్రీల దగ్గర ఉండాలి.

మైదా అనుకుని గోధుమపిండి వేస్తే

మరలో ఆడించిన పిండి నీళ్ళు ఎక్కువ తాగుతుంది, అందులోని తవుడు గ్లూటెన్ పోగుల్ని కోసేస్తుంది. 64 శాతం నీళ్ళతో కలిపితే గట్టి ఇటుక వస్తుంది. 75 శాతం దాకా నీళ్ళు పెంచి, మర్దించే ముందు అరగంట నాననివ్వండి. రెట్టింపు కోసం ఎదురు చూడకండి, ఒకటిన్నర రెట్లకే ఓవెన్‌లో పెట్టండి. నాకు సగం సగం కలిపిందే నచ్చుతుంది, పూర్తి గోధుమ బ్రెడ్డును మెచ్చుకునేవాళ్ళు దాన్ని రోజూ తింటారా అని నాకు అనుమానం.

ఈస్ట్ చచ్చిపోతే

కాగిన నీళ్ళలో ఈస్ట్ వేశారు. 55, 60 డిగ్రీలు దాటితే అది బతకదు. రెండు గంటలైనా ముద్దలో చలనం లేదు. కొత్త ఈస్ట్ 5 గ్రాములు రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళలో కలిపి ముద్దలోకి పిసికితే చాలు, మళ్ళీ మొదలవుతుంది. కొత్తది లేకపోతే పొంగలేదన్న మాటే గానీ రెండు గంటలు నానిన ముద్ద అది. చిన్న ఉండలు చేసి ఒత్తి, పెనం మీద కాల్చి వెన్న రాయండి. మామూలుగా అప్పటికప్పుడు కలిపి చేసే రొట్టెల కంటే మెత్తగా వస్తాయి.

బన్నులు ఓవెన్‌లో ఉండగా కరెంటు పోతే

1949లో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఏవన్ పార్క్ అనే ఊళ్ళో జో గ్రెగర్ అనే బేకరీ ఆయన ఉండేవారు. ఆయన వలంటీరుగా మంటలార్పే పనికీ వెళ్ళేవారు. బన్నులు సగం కాలి ఉండగా సైరన్ మోగింది. ట్రేలు బయటికి లాగేసి పరుగెత్తారు. తిరిగొచ్చి, పాలిపోయిన ఆ బన్నుల్ని మళ్ళీ ఓవెన్‌లో పెడితే తాజావాటిలా వచ్చాయి. ఇంటికి తీసుకెళ్ళి కాల్చుకునే సగం కాల్చిన బన్నులు అలా మార్కెట్లోకి వచ్చాయి. ఆ హక్కుల్ని జనరల్ మిల్స్ కంపెనీ కొనుక్కుంది.

మనకు సైరన్ అక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ చాలు.

కరెంటు పోగానే తలుపు తీయకండి. పది నిమిషాల్లో వస్తే ఏమీ కాదు, పోయినంతసేపు అదనంగా కాల్చండి. ఎక్కువసేపు రాదని తెలిస్తే చూడాల్సింది ఒక్కటే: ఆకారం నిలబడిందా, లేదా. బన్నుల్లో లోపలి వేడి 75 డిగ్రీలు దాటి ఉంటే గోడలు గట్టిపడినట్టే. బయటికి తీసి చల్లార్చి మూత పెట్టండి, కరెంటు వచ్చాక 200 డిగ్రీల దగ్గర పది నిమిషాలు. ఇంకా పచ్చిగానే ఉంటే గ్యాస్ మీద మందపాటి మూకుడు వేడెక్కించి, నూనె రాసి, బన్నుల్ని అందులోకి మార్చి మూత పెట్టి, సన్నని మంట మీద రెండు వైపులా పది, పన్నెండు నిమిషాల చొప్పున. అడుగు దిబ్బరొట్టెలా ఎర్రగా వస్తుంది. మా పిల్లలు ఇప్పుడు కరెంటు ఉన్నప్పుడు కూడా అవే అడుగుతున్నారు.

కావాలని చేసేటప్పుడు 60 గ్రాముల బన్నుల్ని 150 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, రంగు రాకుండా కాల్చి, చల్లార్చి, జిప్ కవర్‌లో ఫ్రీజర్‌లో పెడతాను. చుట్టాలు వచ్చినప్పుడు నేరుగా 200 డిగ్రీల వేడిలో పది నిమిషాలు.

ఇటుక వస్తే

అన్నీ అయినా కొన్నిసార్లు ఇటుకే వస్తుంది. పల్చగా కోసి 130 డిగ్రీల దగ్గర నలభై, యాభై నిమిషాలు ఆరబెడితే రస్కు. మిక్సీలో వేస్తే కట్లెట్ల మీదకి పొడి. హైదరాబాదు డబుల్ కా మీఠాకైతే మెత్తటి బ్రెడ్డు కంటే గట్టిదే మేలు. నెయ్యిలో వేయించినా, పాకంలో, పాలలో నానినా ముక్క విరగదు. బ్రెడ్డు మెత్తగా ఉండాలని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. గంజి గట్టిపడటం ఆ చల్లదనంలోనే అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. బయట, లేకపోతే ఏకంగా ఫ్రీజర్‌లో.

ఇవి మాత్రం పారేయాల్సిందే

బూజు ఒక మూల కనపడినా మొత్తం బ్రెడ్డు పోయినట్టే, ఆ మేరకు కోసి తినకండి. కనపడని పోగులు లోపలికి వెళ్ళి ఉంటాయి. నిల్వ ముద్ద మీద గులాబీ, నారింజ రంగు మచ్చలు వచ్చినా అంతే.

ఉక్కపోత రోజుల్లో ఇంకోటి వస్తుంది. కాల్చిన ఒకటి రెండు రోజులకు బ్రెడ్డు లోపల మాగిపోయిన కర్బూజా వాసన, విరిస్తే సాలెగూడులా జిగురు దారాలు. మట్టి నుంచి పిండిలోకి వచ్చే బాసిల్లస్ అనే బ్యాక్టీరియా పని అది. దాని బీజాలు ఓవెన్ వేడికి కూడా చావవు. బ్రెడ్డు పారేసి, టిన్నులు, బల్ల వెనిగర్‌తో తుడవండి. వానాకాలంలో ముద్దలో ఒక చెంచా వెనిగరో పుల్లటి పెరుగో కలపడం నా అలవాటు, పులుపు దాన్ని ఎదగనివ్వదు. పూర్తిగా చల్లారకుండా కవర్‌లో పెట్టకండి.

నోట్‌బుక్కులో ఏం రాయాలి

నా పద్ధతిలో ఒక పేజీ ఇలా ఉంటుంది: తేదీ, గది వేడి, పిండి బ్రాండు, నీళ్ళు ఎన్ని గ్రాములు, ఎంత వేడి, కలిపాక ముద్ద వేడి, మొదటి పొంగు ఎన్ని నిమిషాలు, రెండోది ఎన్ని, ఓవెన్ వేడి, సమయం. కింద ఎర్ర ఇంకుతో జరిగిన పొరపాటు. కోసిన ముక్క ఫొటో ఒకటి, ఎప్పుడూ ఒకే కిటికీ దగ్గర.

వారంలోపే అదే పొరపాటు మళ్ళీ చేయండి, మిగతావన్నీ అలాగే ఉంచి. ఒకేసారి రెండు తప్పులు జరిగి ఉంటే విడివిడిగా చేయండి. ఉప్పు మర్చిపోయి, రాత్రంతా ఉంచేసిన ముద్ద అద్భుతంగా వచ్చిందనుకోండి, మేలు చేసింది రాత్రి మాత్రమే అయి ఉండొచ్చు. మూడుసార్లు ఒకేలా వస్తే అప్పుడు నీలం ఇంకుతో రెసిపీ పేజీలోకి ఎక్కించండి.

నా నోట్‌బుక్కులో ఒక పేజీ సగం ఖాళీగా ఉంది. మూడేళ్ళ కిందట సంక్రాంతికి అరిసెల పాకం పట్టిన గిన్నె కడగబోతూ, అడుగున అంటుకున్న బెల్లాన్ని వేణ్ణీళ్ళతో కరిగించి, ఆ నీళ్ళతో ముద్ద కలిపాను. పండగ హడావుడిలో దేన్నీ తూచలేదు. ఎర్రటి పైపొర, లోపల కాస్త యాలకుల వాసన, నేను చేసినవాటిలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. నీళ్ళలో బెల్లం 40 గ్రాములతో చేశాను, 60తో చేశాను, పాకం పట్టి చేశాను, పాకం పట్టకుండా చేశాను. పదకొండు సార్లయింది. ఈ సంక్రాంతికి గిన్నెను ముందే తూచి పెట్టుకున్నాను.